‘అమ్మవే’ అంటే ఏమిటి? ఇంగ్లీషు మాటలతో పిల్లలు ఆడే గుట్టు భాషలు

అమ్మా, మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుని ఆ తర్వాత సమాధానంలోకి వెళతాను. కావలిలో ఆరో తరగతి చదువుతున్న మీ అమ్మాయీ, పక్క వాటాలో ఉండే ఆమె స్నేహితురాలూ నెల రోజులుగా మీ ఎదుటే ఎవరికీ అంతుబట్టని మాటలు మాట్లాడుకుంటున్నారు. “ఎట్‌లే అస్‌వే ఓగే” అని ఒకరంటే రెండోవారు చెప్పులు తొడుక్కుని బయలుదేరుతున్నారు. మధ్యమధ్యలో “అమ్మవే” అన్న మాట మాత్రం మీ చెవిన స్పష్టంగా పడుతోంది. ఇది ఏ భాష, ఎక్కడ పట్టుకొచ్చారు, ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న ఇంగ్లీషు దీనివల్ల చెడిపోతుందా, గట్టిగా మందలించి మాన్పించాలా అన్నవి మీ సందేహాలు.

మీ అమ్మాయి మాట్లాడుతున్నది ఇంగ్లీషే. ఆ ఆట పేరు పిగ్ లాటిన్. పేరులో లాటిన్ ఉన్నా ఆ భాషతో దానికి సంబంధం లేదు, పందితో అసలే లేదు. దానివల్ల ఇంగ్లీషు చెడిపోదు, మాన్పించనవసరం లేదు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి ఈ మాటను కొంత ధైర్యంగానే చెప్పగలను. మాది కందుకూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ తర్వాత ప్రకాశం వాళ్లమై, 2022లో తిరిగి నెల్లూరులోకి చేరినవాళ్లం కనుక ముక్కను ఇక్కడ తీసి అక్కడ పెట్టే ఆట మాకు బొత్తిగా కొత్త కాదు.

సూత్రం చాలా చిన్నది. ఇంగ్లీషు మాట మొదట్లో ఉన్న హల్లునో, హల్లుల గుంపునో ఊడదీసి చివరికి తీసుకుపోయి, దానికి ‘ఏ’ తగిలించాలి. ‘లెట్’లో ‘ల్’ తీస్తే ‘ఎట్’ మిగులుతుంది, చివర ‘లే’ చేరితే ‘ఎట్‌లే’ అవుతుంది. ‘గో’ అలాగే ‘ఓగే’ అవుతుంది. బుక్ ‘ఉక్‌బే’, టీచర్ ‘ఈచర్‌టే’, స్వీట్ ‘ఈట్‌స్వే’. మాట అచ్చుతోనే మొదలైతే ఊడదీయడానికి ఏమీ ఉండదు కాబట్టి దాన్ని కదిలించకుండా చివర ‘వే’ అంటించి ఊరుకుంటారు, కొందరు ‘యే’ అంటారు. అందుకే ‘అస్’ అన్నది ‘అస్‌వే’ అయింది. మీరు విన్నది ‘లెట్ అస్ గో’, అంటే ‘పోదాం పద’ అని.

మీ చెవిన పడే ‘అమ్మవే’ రహస్యం కూడా ఇదే. ‘అమ్మ’ అచ్చుతో మొదలవుతుంది, అందువల్ల ఈ సూత్రం దాన్ని దాచలేకపోయింది. “అమ్మవే ఇజ్‌వే అమింగ్‌కే” అని మీరు ఎప్పుడైనా విని ఉంటే, ‘అమ్మ వస్తోంది, ఇక ఆపు’ అని అర్థం చేసుకోవచ్చు. అచ్చుతో మొదలయ్యే మాటల దగ్గర పిగ్ లాటిన్ ఎప్పుడూ ఇలాగే బయటపడిపోతుంది. అనసూయ, ఈశ్వర్, ఉష వంటి పేర్లున్న పిల్లల గురించి పక్కవాళ్లు ఈ భాషలో చాడీలు చెప్పుకోలేరు.

ఈ ఆట 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నాటికే అమెరికా పిల్లల నోళ్లలో స్థిరపడింది. 1933లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో నటి జింజర్ రోజర్స్ ఒక పాటలో కొంత భాగాన్ని ఈ భాషలోనే పాడిందంటే, ప్రేక్షకులందరికీ అది అప్పటికే తెలుసునన్నమాట. దీనిలో పుట్టిన రెండు మాటలు ఇంగ్లీషు నిఘంటువులకు కూడా ఎక్కాయి. వద్దనడానికి వాడే ‘నిక్స్’ తిరగబడి ‘ఇక్స్‌నే’, పారిపొమ్మనే ‘స్క్రామ్’ తిరగబడి ‘ఆమ్‌స్క్రే’ అయ్యాయి. బ్రిటన్ పిల్లల ఆటపాటలనూ మాటలనూ వేలమంది బడిపిల్లల నుంచి సేకరించిన ఐయోనా, పీటర్ ఓపీ దంపతులు 1959లో తమ గ్రంథం వెలువరించినప్పుడు అందులో ఇలాంటి గుట్టు భాషలకు చోటిచ్చారు. ఆటలాడే ఈడు పిల్లలున్న ప్రతి చోటా ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది.

పెద్దలకూ ఈ అలవాటు లేకపోలేదు. 19వ శతాబ్దపు లండన్ వీధుల్లో కూరగాయలు, పండ్లు అమ్ముకునే తోపుడుబండ్లవాళ్లు కొనేవాళ్లకూ పోలీసులకూ తెలియకుండా మాటలను వెనకనుంచి ముందుకు తిప్పి మాట్లాడుకునేవారని పాత్రికేయుడు హెన్రీ మేహ్యూ 1851 ప్రాంతంలో వివరంగా రాశాడు. వాళ్ల నోట ‘పెన్నీ’ అన్నది ‘యెనెప్’ అయ్యేది. మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని ఒంగోలు గిత్త ధర తేల్చుకునే పద్ధతిని చూసినవారికి ఆ లండన్ వ్యాపారుల అవసరం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కాకపోతే వ్యాపారి దాచుకునేది డబ్బు లెక్క, పిల్లలు దాచుకునేది చాలాసార్లు ఏమీ ఉండదు. దాచుకోవడమే వాళ్లకు సరదా.

చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ అనలేదు. నా అనుభవం ఒకటి చెప్పాలి. 1996 ప్రాంతంలో అర్ధ సంవత్సర పరీక్షలు జరుగుతున్నాయి, నేను తొమ్మిదో తరగతి గదిలో కాపలా ఉన్నాను. బిట్ పేపరు ఇచ్చిన పది నిమిషాలకు వెనక బల్ల కుర్రవాడు గొంతు సవరించుకుని “పద్నాలుగు?” అన్నాడు. ముందు బల్లవాడు తల తిప్పకుండా, తన కాగితం మీదే చూపు నిలిపి “ఈడే” అన్నాడు. మన నెల్లూరు వైపు మాటలో ‘ఈడే’ అంటే ‘ఇక్కడే’ కదా, పద్నాలుగో జవాబు ఎక్కడ రాయాలో వెనకవాడికి తెలియక అడిగితే ముందువాడు చోటు చూపిస్తున్నాడని నేను అనుకున్నాను. పైగా వెనకవాడి దగ్గరకు వెళ్లి, “ఎక్కడ రాయాలో కూడా తెలియకుండా పరీక్షకు వచ్చావా?” అని మందలించి, వేలితో ఆ గడిని చూపించాను. కాసేపటికి “పదిహేడు?” అని మళ్లీ వినపడింది, “ఈడే” అని మళ్లీ జవాబు వచ్చింది. “పంతొమ్మిది?” అంటే “ఈబే” అన్నాడు. ముక్కు దిబ్బడేసి ఉంటుందిలే అనుకున్నాను.

అసలు సంగతి మరుసటి సంవత్సరం పదో తరగతి వీడ్కోలు సభ రోజున ఆ ముందు బల్లవాడే నవ్వుతూ చెప్పాడు. ఎ, బి, సి, డి అనే నాలుగు జవాబు అక్షరాలను పిగ్ లాటిన్‌లోకి మారిస్తే ‘ఏవే’, ‘ఈబే’, ‘ఈసే’, ‘ఈడే’ అవుతాయి. నెల్లూరు ఇంగ్లీషు పరీక్షలో ‘డి’ జవాబుకు ఇంత చక్కటి ముసుగు మరెక్కడ దొరుకుతుంది? నెల్లూరులో కాన్వెంటులో చదివి వచ్చిన బంధువుల కుర్రవాడి దగ్గర వాళ్లు ఈ ఆట నేర్చుకున్నారట. నాకు కోపం రావలసింది, రాలేదు. ఇంగ్లీషు అక్షరం పేరును హల్లుగా, అచ్చుగా విడగొట్టి తిరగేయగలిగినవాడికి నేను ఆ ఏడాది ఇంగ్లీషులో 38 మార్కులు వేశానన్న సంగతి మాత్రం చాలాకాలం మనసులో మెదిలింది.

ఇక మీ అమ్మాయి తెలుగును వదిలి ఇంగ్లీషు మాటలతోనే ఎందుకు ఆడుతోందన్నది ఆలోచించదగ్గ విషయం. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది క భాష. ప్రతి అక్షరానికి ముందు ఒక ‘క’ పెట్టి గడగడా చెప్పడమే దాని సూత్రం. మా చిన్నతనంలో మా అక్కా నేనూ డాబా మీద కూర్చుని, ఉట్టి మీది మామిడి తాండ్ర గురించి “కతాం కడ్ర” అని గుసగుసలాడుతుంటే, కింద బియ్యం ఏరుకుంటున్న మా నాయనమ్మ తలెత్తకుండానే “కనా కకు కతె కలు కసు” అనేది. ‘నాకు తెలుసు’ అని. తెలుగు ఇంట్లో క భాషతో ఏదీ దాగదు, ఎందుకంటే పెద్దవాళ్లందరూ ఒకప్పుడు దాన్ని మాట్లాడినవాళ్లే. ఇంగ్లీషు మాటలతో ఆడే పిగ్ లాటిన్‌కు రెండు తాళాలున్నాయి. ఒకటి భాష, రెండోది తిరగేత. ‘లెట్ అస్ గో’ అంటే మీకు అర్థమవుతుందని మీ అమ్మాయికి తెలుసు, క భాషలో ‘పోదాం’ అన్నా మీకు తెలిసిపోతుందని తెలుసు, రెండూ కలిపితే మాత్రం మీరు ఆగిపోతారని కూడా కనిపెట్టింది. ఇంటి పెద్దల ఇంగ్లీషు ఎంతవరకు పారుతుందో పిల్లలు ఇంత కచ్చితంగా కొలుస్తారని నేను ఉద్యోగంలో చేరినప్పుడు అనుకోలేదు. ఈ రోజుల్లో సూత్రం నేర్పడానికి కాన్వెంటు బంధువు కూడా అక్కర్లేదు, యూట్యూబ్ వీడియో ఒకటి చాలు.

నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది, పిల్లవాడు మాటను ఎక్కడ కోస్తాడన్నది. తెలుగువాడి కత్తి అక్షరం దగ్గర పడుతుంది, ఇంగ్లీషువాడి కత్తి ధ్వని దగ్గరో, రాసే లిపిలోని ఒంటి అక్షరం దగ్గరో పడుతుంది. ‘వికటకవి’ని వెనకనుంచి చదివినా ‘వికటకవి’ అనే వస్తుందని మనం మురిసిపోతాం. వి, క, ట, క, వి అని ఐదు ముక్కలుగా కోస్తేనే అది నిజం. అదే మాటను ఇంగ్లీషు లిపిలో రాసి చివరినుంచి చదివితే ‘ఇవకటకివ్’ వంటిదేదో వస్తుంది. దీనికి తలకిందులుగా, ఇంగ్లీషు లిపిలో ‘మలయాళం’ ఎటునుంచి చదివినా ఒకటే, మన లిపిలో మాత్రం వెనకనుంచి చదివితే ‘ళంయాలమ’ అవుతుంది. మా ఊరి మగపిల్లలు ఊళ్ల పేర్లు తిరగేసి కావలిని ‘లివకా’ అనేవారు. లండన్ తోపుడుబండివాడు ‘బాయ్’ని తిరగేసి ‘యాబ్’ అన్నాడు, ఆ మాట అల్లరి కుర్రవాడనే అర్థంతో ఇంగ్లీషులో ఈనాటికీ నిలిచి ఉంది. మన అష్టావధానంలో వ్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడు కూడా వాక్యాన్ని అక్షరాలుగానే విడగొట్టి, ఏది ఎన్నో అక్షరమో చెబుతూ వరుస తప్పించి అందిస్తాడు, అవధాని వాటిని చివర వరుసలోకి తెచ్చి చెబుతాడు. ఫ్రాన్సు కుర్రకారు మాట్లాడే వెర్లాం మాత్రం మనకు దగ్గర చుట్టం, అది మాటను మన అక్షరాల వంటి ముక్కలుగా కోసి తిప్పుతుంది, ‘బిజార్’ను ‘జార్బి’ చేస్తుంది.

ఇలా అక్షరాలతో అలవాటైన తెలుగు పిల్ల పిగ్ లాటిన్ మొదలుపెట్టినప్పుడు చేసే తప్పులను జాగ్రత్తగా వినండి. ‘పెన్’ సూత్రం ప్రకారం ‘ఎన్‌పే’ కావాలి. మనసులో ఆ మాట ‘పెన్ను’గా ఉన్న పిల్ల ‘ఎన్నుపే’ అంటుంది. ‘బస్సు’ అనుకునే పిల్ల ‘అస్సుబే’ అంటుంది. క భాష అలవాటు బలంగా ఉన్న పిల్ల ‘పె’ మొత్తాన్ని చివరికి తీసుకుపోయి ‘న్‌పె’ అనబోయి, నోరు తిరగక ఆగిపోతుంది. ‘స్కూల్’ సంగతి ఇంకా బాగుంటుంది. ‘స్క్’ గుంపు మొత్తం కదిలితే ‘ఊల్‌స్కే’ రావాలి. మెట్ట గ్రామం నుంచి వచ్చిన మా విద్యార్థి ఒకడు ఎప్పుడూ ‘ఇస్కూలు’ అనేవాడు, వాడి లెక్కలో ఆ మాట అచ్చుతో మొదలవుతుంది కనుక ‘ఇస్కూలువే’ అన్నాడు. తక్కినవాళ్లు నవ్వారు కానీ సూత్రాన్ని తప్పకుండా పాటించింది వాడే. తన నోట ఉన్న మాటకు సూత్రాన్ని సరిగ్గా వర్తింపజేశాడు.

దీన్నిబట్టి, ఇంగ్లీషు చెడిపోతుందా అన్న మీ సందేహానికి జవాబు దొరుకుతుంది. ‘ప’కు గుడి ఇస్తే ‘పి’ అని గుణింతంలో మనం కలపడం నేర్పుతాం. ‘పిగ్’ను ‘ఇగ్‌పే’ అనడానికి పిల్ల ఆ పనిని వెనక్కి చేయాలి, ‘పి’లోంచి ‘ప్’ను ఊడదీయాలి. ఇంగ్లీషు చదవడం నేర్చుకునేవారికి ఈ ఊడదీయడం కష్టమైన మెట్టు. మనస్తత్వ శాస్త్రవేత్త ఇసబెల్ లిబర్మన్, ఆమె సహచరులు 1974లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగేళ్ల అమెరికా పిల్లల్లో సుమారు సగం మంది మాటను అక్షరాల వంటి ముక్కలుగా లెక్కపెట్టగలిగారు, విడి ధ్వనులుగా ఒక్కరూ లెక్కపెట్టలేకపోయారు. మొదటి తరగతి ముగిసేసరికి ముక్కలు లెక్కపెట్టగలిగినవారు నూటికి 90 మంది, ధ్వనులు లెక్కపెట్టగలిగినవారు 70 మంది. మీ అమ్మాయి ఎవరూ నేర్పకుండా, మార్కులు రావన్న సంగతి తెలిసి కూడా, రోజుకు గంటసేపు సరిగ్గా ఈ పనిమీదే సాధన చేస్తోంది. దానివల్ల స్పెల్లింగులు ఒక్కసారిగా బాగుపడతాయని నేను అనను, ఎందుకంటే ఈ ఆట చెవితో ఆడేది, ఇంగ్లీషు స్పెల్లింగు చాలాచోట్ల చెవి మాట వినదు. మాట మాత్రం ఏయే ధ్వనులతో కూడిందో ఆమెకు తెలిసిపోతుంది. పరీక్ష పేపరులో ‘ఉక్‌బే’ అని రాసి వచ్చిన పిల్లను నా ఉద్యోగంలో నేను ఒక్కరిని కూడా చూడలేదు. ఆట ఎక్కడ ఆడాలో పిల్లలకు తెలుసు.

కొన్నాళ్లకు ఈ ఆట పాతబడుతుంది, అప్పుడు ఉబ్బి డబ్బి వంటివి రావచ్చు. అది ప్రతి అచ్చు ధ్వనికి ముందు ‘అబ్’ దూర్చే పద్ధతి, 1972లో బోస్టన్ పబ్లిక్ టెలివిజన్ కేంద్రం మొదలుపెట్టిన పిల్లల కార్యక్రమం వల్ల అమెరికా అంతటా పాకింది. అందులో ‘లెట్ అస్ గో’ అంటే ‘లబెట్ అబస్ గబో’, ‘టీచర్’ అంటే ‘టబీచబర్’. పిగ్ లాటిన్ కన్నా ఇది వినేవారికి కష్టం, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాటలు కూడా ఇందులో దాగిపోతాయి. అక్కడ మీరు ‘అబమ్మబ’ అవుతారు.

ఒక్క సందర్భంలో మాత్రం పెద్దవారు కలగజేసుకోవాలి. ముగ్గురు కలిసి ఆడుకునే చోట ఇద్దరు ఈ భాషలో మాట్లాడుకుంటూ మూడో పిల్లకు సూత్రం చెప్పకపోతే, ఆ మూడో పిల్ల పడే బాధ చిన్నది కాదు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి వారం రోజులు మధ్యాహ్న భోజనం దగ్గర ఒంటరిగా కూర్చుంటే, ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి కబురు చేశాను. తీరా చూస్తే పక్కనున్న ఇద్దరూ తన గురించే ఏదో అంటున్నారని ఆమె భయం. ఆ ఇద్దరినీ అడిగితే, వాళ్లు అనుకుంటున్నది సాంబారులో ముక్కలు లేవని మాత్రమే. నేను భాషను నిషేధించలేదు. నల్లబల్ల మీద సూత్రం రాసి, తరగతి మొత్తానికి ఐదు నిమిషాల్లో నేర్పేశాను. మూడు రోజుల్లో ఆ ఆట దానంతట అదే ఆగిపోయింది. అందరికీ తెలిసిన గుట్టు భాషను ఎవరు మాట్లాడతారు?

మీ ఇంట్లో అలాంటి మూడో పిల్ల లేదు, మీరున్నారు. మీకు అర్థమవుతోందని మీ అమ్మాయికి చెప్పవద్దని నా సలహా. వింటూ ఉండండి. “ఆక్లెట్‌చే” అన్న మాట వినపడితే ఫ్రిజ్‌లో చాక్లెట్లు లెక్కపెట్టుకోండి, “ఒబైల్‌మే” వినపడితే మీ మొబైల్ ఎక్కడుందో చూసుకోండి, అంతకు మించి ఏమీ చేయవద్దు. ఎన్నాళ్లు దాచగలరన్నది మీ ముఖం మీద ఆధారపడి ఉంటుంది. ఒకనాడు ‘అమ్మవే’ మాయమై దాని స్థానంలో ‘అదర్‌మే’ వినపడడం మొదలైతే, అది ‘మదర్’. మీకు తెలిసిపోయిందని వాళ్లకు తెలిసిపోయినట్లే.